బావిగోడల హంసపది: దాని గుర్తులు, వైద్యోపయోగములు, జాగ్రత్తలు

తొలకరి వానలు కురిసి నేల బాగుగా తడిసిన పదునైదు ఇరువది దినములకు, దిగుడుబావుల రాతికట్టు సందులందును, వాగుల యొడ్డున నీడపట్టున నుండు మట్టిగట్ల యందును, నల్లమల మొదలగు అడవులలోని బండల క్రిందను, నల్లని సన్నని కాడలును లేతపచ్చని చిట్టాకులును గల యొక చిన్న మొక్క తలయెత్తును. వానలు వెనుకబట్టి నేల యారిన పిదప దాని యాకు పండుబారి రాలిపోవును. వేసవియందు దాని జాడయే కానరాదు. దుంపవేరు మాత్రము రాతిసందున నిలిచియుండి మరుసటి వానకు మరల చిగుర్చును. సంస్కృత వైద్యగ్రంథములందు హంసపది యనియు హంసపాది యనియు చెప్పబడిన మూలిక ఇదియే యని వైద్యులలో అనేకుల నిర్ణయము.

బావిగల రైతులలో పెక్కుమంది దీనిని దినదినమును చూచుచునే యుందురు. కొందరు పిచ్చిమొక్కయని తలచి, బావి మరమ్మతు చేయించునప్పుడు పారతో గీకివేయించుదురు. మరికొందరు పేరు మాత్రము విని, ఆ పేరు గలదని యెవరైన చూపిన ఆకు నెల్ల తెచ్చి నూరి పట్టించుదురు. మొదటివారికి కలుగు నష్టము స్వల్పము. రెండవవారికి బిడ్డ ప్రాణము మీదికి వచ్చుటయు కలదు. కావున ఈ మూలిక గుణములకంటె ముందుగా దాని గుర్తులనే తెలిసికొనవలయును.

మొక్క గుర్తులు

ఇది ఫెర్ను అను జాతిలోనిది. ఈ జాతి మొక్కలు పువ్వు పూయవు, కాయ కాయవు, గింజ పెట్టవు. ఆకు అడుగుభాగమున పుట్టు ధూళివంటి సిద్ధబీజములచే వ్యాపించును. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొనిన యెడల సగము పొరపాట్లు తొలగును. పువ్వుగాని కాయగాని యున్న మొక్కను ఎవరు చూపినను, అది ఈ హంసపది కాదు.

కాడ గుఱ్ఱపువెండ్రుకకంటె కొంచెము లావుగా, నూనె రాచినట్లు నున్నగా, ముదురు కపిలవర్ణముగ గాని నలుపుగ గాని నిగనిగలాడుచుండును. ఎండిన పిదప పుటుక్కున విరుగును. కాడకు రెండు వైపుల ఒకదాని తరువాత నొకటిగా చిట్టాకులు అమరియుండును. ఒక్కొక్క చిట్టాకు అర్ధచంద్రుని పోలియుండి, క్రిందియంచు తిన్నగను, పైయంచు గుండ్రముగ వంగి అచ్చటచ్చట చీలికలు గలదిగను ఉండును. ముదిరిన ఆకును త్రిప్పి చూచినచో, పైయంచు లోపలికి మడచినట్లుండి ఆ మడత క్రింద గోధుమవర్ణపు గీతలు కానవచ్చును. సిద్ధబీజములు పుట్టుతావు అదియే.

మరియొక విశేషము గలదు. కాడ చివర కొన్నిటికి ఆకు లేక తీగవలె సాగి, నేలను తాకినచోట వేరుదన్ని క్రొత్తమొక్క యగును. అది మరల కాడ చాచి ఇంకొక యడుగు ముందుకు పోవును. ఒక్క మొక్క రెండుమూడు వానకాలములలో బావిగోడ నొకవైపంతయు నాక్రమించుటకు కారణమిదియే.

నీటితో చేయు చిన్న పరీక్ష యొకటి కలదు. ఆకుపై నీరు చిలికినచో తామరాకుపై వలె బొట్లుబొట్లుగా జారిపోవును గాని ఆకు తడియదు. ఈ వంశమునకు శాస్త్రజ్ఞులు వాడు ఆడియాంటమ్ అను పేరునకు గ్రీకుభాషలో తడియనిది యని యర్థము. లిన్నేయసు అను శాస్త్రజ్ఞుడు 1753వ సంవత్సరమున ఈ మొక్కకు ఆడియాంటమ్ ఫిలిపెన్స్ అని పేరిడెను. పాతగ్రంథములలో దీనినే ఆడియాంటమ్ లూనులేటమ్, అనగా నెలవంకవంటి ఆకు గలది, యని వ్రాసియుందురు. రెండు పేర్లు కనబడినంత మాత్రమున రెండు మొక్కలని భ్రమపడ నక్కరలేదు.

ఒకే పేరు, వేరు మొక్కలు

దీనికి వ్యతిరేకముగ, ఒకే పేరు గల రెండు మొక్కలు నుండుటయే రైతునకు అధికముగ చిక్కు తెచ్చునది. ఎండిన చెరువు శిఖములయందును, వరి కోసిన మళ్లయందును నేలకంటుకొని ప్రాకు మొక్క యొకటి కలదు. దాని యాకు ముడుతలు పడి నూగుతో గరుకుగా నుండును, చిన్న తెల్లని పూలు పూయును. దానిని చెప్పుతట్ట యందురు. కొన్ని తావుల దానికే హంసపాదు అని వాడుక. ఇది పూలమొక్క. ఫెర్నుతో దీనికి ఏ బాంధవ్యమును లేదు. చెప్పుతట్టకు దాని వైద్యోపయోగము దానికున్నది. ఎండిన మొక్కను మెంతులతో సమముగ నూరి వెచ్చచేసి గడ్డలపై వేసినచో గడ్డ త్వరగా పక్వమగునని పూర్వుల వాడుక. హంసపదియన్ననో మంటను, వేడిని చల్లార్చుటకు వాడునది. ఒకటి పక్వపరచునది, మరియొకటి చల్లార్చునది. పేరు నమ్మి ఒకదానికి బదులు మరియొకటి వాడినచో ఫలము తలక్రిందగుననుట స్పష్టము. కేరళదేశమున కొందరు వైద్యులు మూడాకుల చిన్న ప్రాకుడుమొక్క నింకొకదానిని హంసపదిగా గ్రహింతురు. సంస్కృతనామ మొకటియే యైనను, దేశము మారినచో మొక్క మారుట మన వైద్యమున కొత్త కాదు.

హైదరాబాదు అత్తారు దుకాణములలో హంసరాజ్ అనియు పర్సియావషాన్ అనియు అడిగినచో ఇచ్చు ఎండుమూలిక ఈ వంశములోనిదే గాని బావిగోడలది కాదు. దాని కాడలు మరింత సన్నములు. కాడనుండి కొమ్మలు చీలును, చిట్టాకులు విసనకఱ్ఱవలె నుండును. అది హిమాలయప్రాంతములలోను ఇతర చల్లని కొండలలోను తడిబండలపై పెరుగును. యూనానీ హకీములు దగ్గు, రొమ్ముపడిశములలో కఫమును పలుచబరచి వెడలించుటకై దానిని ఇతర ద్రవ్యములతో కషాయముగ నిత్తురు. గ్రీకువైద్యుడు డయాస్కొరిడీసు క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే దానిని వర్ణించెను.

ఫ్రాన్సుదేశమున దానితో దగ్గునకు షర్బతు కాచి వాడిరి. దానికి కాపిలేర్ అని పేరు. రానురాను అంగళ్లలో ఆ పేరిట అమ్మబడినది పంచదార పాకమును, నారింజపూల నీరును మాత్రమే. ఫెర్ను పోయెను, పేరు నిలిచెను! మూలికలను పేరునుబట్టి కొనువారు ప్రతిదేశమునను ఇట్లే మోసపోవుచుందురు.

అదే గోడపై నుండు మరియొక ఫెర్ను

బావి సున్నపుకట్టుపై హంసపది ప్రక్కనే మరియొక ఫెర్ను తఱచుగా పెరుగును. దాని ఆకురెమ్మలు మూరెడు మొదలు రెండు మూరల పొడవు వరకు ఎదుగును. చిట్టాకులు నాడావలె సన్నగ పొడవుగ నుండి నిచ్చెనమెట్లవలె రెండు వైపుల నిలుచును. చివరి యాకు అన్నిటికంటె పొడవైనది. కాడ పచ్చగనో పాలిపోయిన గడ్డివర్ణముగనో యుండునే గాని నల్లగ నిగనిగలాడదు. దీనిని శాస్త్రజ్ఞులు టెరిస్ విట్టాటా యందురు.

ఈ ఫెర్ను నేలయందున్న ఆర్సెనిక్ అను పాషాణద్రవ్యమును వేళ్లతో పీల్చి ఆకులలో ప్రోగుచేసికొనునని 2001వ సంవత్సరమున అమెరికాదేశపు ఫ్లోరిడా రాష్ట్రమున కనుగొనబడెను. అచ్చట కలపకు చెదలు పట్టకుండ మందు పట్టించిన పాడుస్థలమున ఇది ఏపుగా పెరుగుట చూచి పరీక్షించిరి. పాషాణము కలిపిన మట్టిలో పెంచినప్పుడు కిలోగ్రాము ఎండుటాకునకు 20 గ్రాములకు మించిన పాషాణము తేలినది. పాషాణము లేని మంచి నేలలో పెరిగిన మొక్కలో ఇంత యుండదు. దీనిని తాకినంతనే కీడు కలుగునని భయపడ నక్కరలేదు. అయినను ఏ నేలలో ఏమున్నదో కంటికి కానరాదు గనుక, దీనిని కషాయములలోను పసరులలోను చేర్చుట తగదు.

ఫెర్నులన్నియు ఒకే స్వభావము గలవని తలంచుట మరియొక పొరపాటు. నీలగిరి, హిమాలయ ప్రాంతపు బీళ్లలో బ్రాకెన్ అను పెద్దఫెర్ను విస్తారముగ పెరుగును. దానిని చిరకాలము మేసిన పశువులు నెత్తురు మూత్రము పోసి క్షీణించును. అందలి విషద్రవ్యమును 1983వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. బావిగోడల హంసపదికి అట్టి దోషము చెప్పబడలేదు. ఐనను, తెలియని ఫెర్నును మనుష్యులకుగాని పశువులకుగాని పెట్టరాదు.

వైద్యోపయోగములు

పదునారవ శతాబ్దమువాడైన భావమిశ్రుడు తన భావప్రకాశమున హంసపదిని గురువు, శీతము అని చెప్పి, రక్తదోషము, వ్రణము, విసర్పము, దాహము, అతిసారము, విషము మొదలగువానియందు పనిచేయునని వ్రాసెను. గ్రంథమునందలి దాహమనగా దప్పిక కాదు, శరీరమున పుట్టు మంట. విసర్పమనగా చర్మముపై ఎఱ్ఱదనము ప్రాకుచు పోవు వ్యాధి. మన గ్రామములలో సర్పి యని పిలుచునది దీనిలోనిదే యని కొందరు గ్రహింతురు.

గ్రామవైద్యమున దీని వాడుక అధికముగ పైపూతకే. పచ్చియాకును శుభ్రమైన నీటిలో రెండుమూడుమార్లు కడిగి, రాతిపై మెత్తగ నూరి, ఎండదెబ్బచే మండు చర్మముపైనను, చెమటకాయలపైనను, నెత్తురు రాని చిన్న వాపులపైనను పలుచగ పూయుదురు. ఆరిన పిదప కడిగివేసి మరల పూయుదురు. ఇట్టి చిన్న బాధలకు ఈ పూత చల్లదనము నిచ్చును, ఖర్చు లేనిది. ముందుగా ముంజేతిపై కొంచెము పూసి, దురదగాని దద్దురుగాని లేనిది చూచుకొనుట మేలు. చర్మము పగిలిన పుండుపైనను, కాలి బొబ్బలెక్కినచోటను పచ్చియాకుముద్ద వేయరాదు. ఆకుతో అంటివచ్చిన మట్టివలన ధనుర్వాతము సంభవింపవచ్చును. కాలినచోట ముందుగా చేయవలసినది చల్లని శుభ్రమైన నీటిని ఇరువది నిమిషములు ధారగా పోయుట.

గుజరాతుదేశమున పసిబిడ్డల జ్వరములయందు ఈ ఆకును నీటితో నూరి, వడగట్టి, పంచదార చేర్చి ఇచ్చు వాడుక కలదని పంతొమ్మిదవ శతాబ్దపు వైద్యద్రవ్యగ్రంథములలో వ్రాయబడినది. దగ్గునకు కషాయముగను దీనిని వాడుదురు. కషాయము కాచు విధమునకు పూర్వులు పెట్టిన లెక్క యొకటి కలదు. మెత్తని మూలికకు నాలుగింతల నీరు పోసి నాలుగవవంతు మిగులునట్లు సన్నని మంటపై మూతలేని పాత్రయందు కాచి వడగట్టవలయును. ఎంత మోతాదున, ఎన్ని దినములు అనునది రోగి వయస్సునుబట్టియు బలమునుబట్టియు వైద్యుడు చెప్పవలసినదే గాని కరపత్రమును చూచి నిర్ణయించునది కాదు.

ఈ మొక్కసారము కొన్ని సూక్ష్మజీవులను అణచుననియు, ప్రయోగశాల యెలుకలలో వాపును తగ్గించుననియు ఇటీవలి పరీక్షలలో తేలినది. ప్రయోగశాలలోని ఫలము బిడ్డ శరీరమున అట్లే కలుగునని చెప్పుటకు ఆ పరీక్షలు చాలవు. ఈ మూలిక చిన్న బాధలకు తోడుపడునది. పెద్ద వ్యాధికి దీనిని నమ్ముకొని కూర్చుండుట తగదు.

ఎప్పుడు ఆగరాదు

పసిబిడ్డ జ్వరమునకు ఆకుపసరు పోసి రెండు దినములు వేచియుండుట మన గ్రామములలో సాధారణము. వేచియుండుటవలననే కీడు కలుగుచున్నది. వానకాలపు జ్వరములలో మలేరియా యుండవచ్చును, డెంగీ యుండవచ్చును, ఊపిరితిత్తుల వాపు నుండవచ్చును. వీనిని చేయి పట్టి చూచి తెలిసికొనలేము. నెత్తురు పరీక్ష కావలయును.

ఊపిరితిత్తుల వాపును అనుమానించుటకు మాత్రము చదువురాని తల్లియు చేయదగిన పరీక్ష యొకటి కలదు. బిడ్డ యేడ్వక నెమ్మదిగ నున్నప్పుడు అంగీ పైకెత్తి, గడియారము పెట్టుకొని, పూర్తిగా ఒక నిమిషము శ్వాసలు లెక్కింపవలయును. రెండు మాసములలోపు శిశువు 60 గాని అంతకు మించి గాని, రెండు మాసములు నిండి సంవత్సరము నిండని బిడ్డ 50 గాని అంతకు మించి గాని, ఒకటి మొదలు ఐదు సంవత్సరములలోపు బిడ్డ 40 గాని అంతకు మించి గాని శ్వాసలు తీయుచున్నచో ఆలస్యము చేయక వైద్యశాలకు తీసికొనిపోవలయును. ఊపిరి తీయునప్పుడు డొక్క లోపలికి గుంజుకొనుట, పాలు త్రాగలేకపోవుట, మత్తుగా పడియుండుట, ఫిట్సు వచ్చుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను లెక్కతో పని లేదు. 108 సంఖ్యకు టెలిఫోను చేసి బండిని పిలువవలయును. ఆరు మాసములలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ పసరును, కషాయమును, పంచదారనీరును పోయరాదు.

అతిసారమునందు ముందుగా కావలసినది పోయిన నీటిని మరల పూరించుట. వైద్యశాలలో నిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై వ్రాసిన కొలతప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొంచెము కొంచెముగ త్రాగింపవలయును. విరేచనమున నెత్తురు కనబడినచో వైద్యునికి చూపవలయును. చర్మముపై ఎఱ్ఱదనము జ్వరముతో కూడి గంటగంటకు ప్రాకుచున్నయెడల పూతలు మాని ఔషధము పుచ్చుకొనవలయును. భావప్రకాశమున విషమను మాట యున్నదని పాముకాటునకు ఈ యాకు నూరి పోయుట ప్రాణముతో చెలగాటమాడుటయే. పాముకాటునకు విషవిరుగుడు సూది తప్ప వేరు మందు లేదు.

గర్భిణీస్త్రీలు దీనిని లోపలికి పుచ్చుకొనరాదు. ఈ వంశపు మూలికలు ఋతుస్రావమును కలిగించునని యూనానీ వైద్యులు చిరకాలముగ చెప్పుచున్నారు.

కోయుట, ఆరబెట్టుట, పెంచుట

ఆకు బాగుగా ముదిరి పండుబారక మునుపు, అనగా భాద్రపదము మొదలు ఆశ్వయుజము వరకు కోయుట శ్రేష్ఠము. దుంపవేరుతో పెరికిన మొక్క మరల రాదు. కొడవలితో గాని కత్తెరతో గాని రెండంగుళముల కాడ విడిచి కోయవలయును. ఒక్కొక్క గుబురున మూడింట రెండువంతుల ఆకు విడువవలయును. పత్తికి మిరపకు కొట్టు పురుగుమందుల డబ్బాలు కడుగు బావిగోడనుండి ఆకును ఎన్నడును తీయరాదు. మురుగునీరు ఊరు గోడలది కూడ అట్లే. రిజర్వు అడవిలోనిదైనచో అటవీశాఖవారి అనుమతి లేనిది కోయరాదు. స్వంత బావి యుండగా దానికొరకు అడవికి పోవలసిన పనియు తఱచుగా ఉండదు.

కోసిన ఆకును రెండు నీళ్లు కడిగి, ఎండ తగులని గాలిపట్టున చాపపై పలుచగ పరచి దినమునకొకమారు త్రిప్పవలయును. కాడ వంగక విరిగినప్పుడు ఆరినట్లు గుర్తు. తడి మిగిలినచో బూజుపట్టును. బూజుపట్టినదానిని మరల ఎండబెట్టి వాడుట కూడదు. మూతగల జాడీలో వేసి, కోసిన మాసమును సంవత్సరమును చీటిపై వ్రాసి అంటించి, ఆ వానకాలము మొదలు వచ్చు వానకాలము వరకే వాడి, మిగిలినది పెంటకుప్పలో వేయవలయును.

బావి మరమ్మతు చేయించదలచిన రైతు, పని మొదలు పెట్టకముందే నీడవైపు గోడనుండి రెండుమూడు గుబురులను వేరుమట్టితో నెమ్మదిగ త్రవ్వి, చిల్లుగల కుండలలో ఆకుమట్టి, ఇసుక, కొంచెము పాతసున్నపు పొడి కలిపి నాటి, జలాలు గదిచెంత నీడలో నుంచవలయును. నీరు నిలువరాదు, తడి యారరాదు. కాడ చివర తీగవలె సాగినప్పుడు దానిని ప్రక్కనున్న మరియొక కుండలోని మట్టిపై వంచి, చిన్నరాయి బరువుపెట్టినచో కొన్ని వారములకు వేరుదన్నును. క్రొత్తమొక్కకు మూడాకులు వచ్చిన పిదప తల్లికాడను కోసివేయవచ్చును. కట్టు పని ముగిసి సున్నపువేడి చల్లారిన తరువాత, మరుసటి తొలకరికి, ఉత్తరపువైపు గోడ రాతిసందులలో మట్టి కూరి వీనిని తిరిగి నాటవలయును. సిమెంటుతో సందులన్నియు పూడ్చిన గోడపై ఇవి నిలువవు గనుక, ఆ వైపున ఒకటి రెండు వరుసల సందులను విడిచిపెట్టుమని మేస్త్రీకి ముందే చెప్పియుంచవలయును.